ఈ గదిలో ఉన్నదేదైనా

అద్దంలోని బొమ్మ ప్రాణం పోసుకుని బయటికొచ్చి మనిషిని వెంటాడే కథ ఏది చెప్పినా, వినేవాళ్ళ దగ్గర ఒక వ్యాఖ్యానం సిద్ధంగా ఉంటుంది. "అసలు విలన్ బయట లేడండీ, మనలోనే ఉన్నాడు." ఈమధ్య ఒక ఆన్‌లైన్ సాహిత్య చర్చలో గంటన్నరలో ఈ మాట నలుగురి నోట విన్నాను. నలుగురూ దాన్ని అప్పుడే కనిపెట్టినట్టు చెప్పారు. ఇది ఎంత లోతుగా వినిపిస్తుందంటే, ఆ తర్వాత ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు. తలలు ఊపుతారు, మైకులు మ్యూట్ చేసుకుంటారు.

నాకు ఈ మాటతో పేచీ ఉంది. ఇది అరిగిపోయింది అన్నది చిన్న ఫిర్యాదు. పెద్ద ఫిర్యాదు ఏంటంటే, ఇది కథలో ఉన్న నేరస్థుణ్ణి వెనక తలుపులోంచి పంపించేస్తుంది. బాధితుణ్ణి బోనులో నిలబెట్టి "నీ మనసులోకి ఒకసారి తొంగి చూసుకో బాబూ" అంటుంది.

గాల్లో వాదించడం ఎందుకు, ఒక్క కేసు తీసుకుంటాను. సినిమాలో ఈ జాతి విలన్లందరికీ పెద్దన్న లాంటివాడు: 1913లో జర్మనీలో వచ్చిన 'ప్రాగ్ విద్యార్థి' అనే మూకీలోని ప్రతిబింబం. దర్శకుడు స్టెలాన్ రీ, రచన హాన్స్ హైంజ్ ఏవర్స్. విద్యార్థిగా, అతని ప్రతిబింబంగా రెండు వేషాలూ పాల్ వేగెనర్‌వే. సినిమా అంటే ఇంకా సంతలో వినోదం అనుకుంటున్న రోజుల్లో, పేరున్న రచయిత రాసి, పేరున్న రంగస్థల నటుడు నటించిన సినిమా. మాటల్లేవు, ఉన్నదల్లా నలుపూ తెలుపూను. చాలా షాట్లలో కెమెరా పాతిన గుంజలా కదలదు. అయినా అద్దంలోంచి ఆ మనిషి కాలు బయట పెట్టే క్షణం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కథ 1820 నాటి ప్రాగ్‌లో. బాల్డుయిన్ అనే విద్యార్థి కత్తియుద్ధంలో ఊళ్ళోకెల్లా మొనగాడు. జేబులో చిల్లిగవ్వ లేదు. నీళ్ళలో పడిపోయిన మార్గిట్ అనే జమీందారీ అమ్మాయిని కాపాడి, ఆమె మీద మనసు పడతాడు. ఆమెకి అప్పటికే ఒక బ్యారన్‌తో, వరసకి బావే, పెళ్ళి కుదిరిపోయి ఉంది. అంతస్తు తేడా, డబ్బు తేడా. అప్పుడు స్కాపినెల్లి అనే ముసలాయన బాల్డుయిన్ గదికి వస్తాడు. చిన్న సంచీలోంచి బల్ల మీదికి బంగారు నాణేలు ఒంపుతూనే ఉంటాడు, ఆ సంచీ ఖాళీ కాదు. లక్ష నాణేలు ఇస్తాను, బదులుగా ఈ గదిలో ఉన్నదేదైనా నాకు నచ్చింది పట్టుకుపోతాను, ఇదీ ఒప్పందం. బాల్డుయిన్ గదంతా కలయజూసుకుంటాడు. మంచం, బల్ల, కత్తి, అద్దం. నవ్వొస్తుంది. సంతకం పెడతాడు. ముసలాయన అటూ ఇటూ వెతికి వెతికి అద్దం వైపు వేలు చూపిస్తాడు. అద్దంలోని బాల్డుయిన్ గదిలోకి దిగి, ముసలాయన వెనకే తలుపు దాటి వెళ్ళిపోతాడు.

ఆ తర్వాత బాల్డుయిన్ డబ్బున్న దొర. కానీ మార్గిట్‌తో ఏకాంతంగా ఉన్న ప్రతిచోటా వాడు ప్రత్యక్షమవుతాడు. పెద్దింటి వసారాలో, యూదుల శ్మశానంలో, పేకాట బల్ల దగ్గర. బ్యారన్‌తో ద్వంద్వయుద్ధం ఖాయమవుతుంది. వంశానికి మిగిలింది వాడొక్కడే, చంపకు నాయనా అని మార్గిట్ తండ్రి బతిమాలితే బాల్డుయిన్ సరేనని మాటిస్తాడు. యుద్ధానికి బయల్దేరి వెళ్తుంటే దారిలో ప్రతిబింబం ఎదురొస్తుంది, కత్తికి అంటిన నెత్తురు తుడుచుకుంటూ. పని అయిపోయింది. చివరికి బాల్డుయిన్ తన గదిలో వాడి మీద పిస్తోలు పేలుస్తాడు. వాడు మాయమవుతాడు. బాల్డుయిన్ గుండె మీద నెత్తురు. కూలిపోతాడు.

ఇదీ కథ. ఇప్పుడు దీన్ని ఎలా చదివారో చూడండి.

సినిమా వచ్చిన మరుసటి ఏడాదే, 1914లో, ఫ్రాయిడ్ శిష్యుడు ఓటో రాంక్ 'ఇమాగో' పత్రికలో 'జంటరూపం' మీద పెద్ద వ్యాసం రాశాడు. దాని మొదలే ఈ సినిమా. రాంక్ మీద నాకు గౌరవం ఉంది. పండితులెవరూ సినిమా వైపు తలెత్తి చూడని రోజుల్లో ఒక సినిమాని అంత శ్రద్ధగా చదవడం చిన్న పని కాదు. నీడల గురించీ అద్దాల గురించీ ప్రపంచంలో ఎక్కడెక్కడి నమ్మకాలన్నీ పోగేశాడు. అయితే ఆయన తేల్చిందేంటి? ఆ ప్రతిబింబం బాల్డుయిన్ స్వీయమోహం. తనని తాను తప్ప ఇంకెవర్నీ ప్రేమించలేని మనిషికి, ప్రేమించబోయిన ప్రతిసారీ అడ్డొచ్చే తన గతం. 1919లో ఫ్రాయిడ్ తన వ్యాసంలో రాంక్‌నీ ఈ కథనీ తలుచుకున్నాడు. 1947లో సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ వచ్చి, ఇది ఒక్క బాల్డుయిన్ జబ్బు కాదు, జర్మన్ మధ్యతరగతి మొత్తం ఆత్మకి పట్టిన జబ్బు అన్నాడు. రోగి మారాడు గానీ ఆసుపత్రి అదే.

ఈ ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. అయినా బల్ల మీద పడి ఉన్న ఆ కాగితం దగ్గర వీళ్ళెవరూ ఎక్కువసేపు ఆగరు. కథ నడిచేదే ఆ కాగితం మీద. అది తీసేయండి, బాల్డుయిన్ మార్గిట్‌ని దూరం నుంచి చూసి నిట్టూర్చి, డిగ్రీ పూర్తి చేసుకుని ఏదో ఒక ఊళ్ళో గుమాస్తా అయ్యేవాడు. స్వీయమోహం ఎంత ఉన్నా అద్దంలో బొమ్మ అద్దంలోనే ఉండేది.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. ఇంజనీరింగ్ చేసి, పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ణి. ఏదైనా సిస్టమ్ పగిలితే ముందు లాగ్ చూడటం నాకు అలవాటు. ఎవరు, ఎప్పుడు, ఎవరి అనుమతితో, ఏం చేశారు. ఈ సినిమాకి కూడా లాగ్ తీసి చూశాను.

ప్రతిబింబం చేసిన నేరాలు ఎన్ని? లెక్కపెట్టండి. కనిపించడం, కనిపించడం, మళ్ళీ కనిపించడం. పేకాటలో ఎదురుగా కూర్చోవడం. ఒక హత్య. అంతే. ఆ హత్య అయినా ఎలాంటిది? కత్తి పట్టుకుని, పొద్దున్నే, ముందే అనుకున్న చోటుకి వెళ్ళి, ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషిని ఓడించి చంపడం. బాల్డుయిన్ వెళ్తున్నదీ ఆ చోటుకే, ఆ కత్తితోనే.

ఇక్కడ చాలామంది దాటేసే ఒక చిన్న దృశ్యం ఉంది. స్కాపినెల్లి గదిలోకి రావడానికి ముందు బాల్డుయిన్ అద్దం ముందు నిలబడి కత్తి సాధన చేస్తుంటాడు. తన బొమ్మతోనే తలపడుతుంటాడు. ఆ రోజుకే మొదలైన అలవాటులా అనిపించదు. ఊళ్ళో మొనగాడు అయ్యాడంటే ఏళ్ళ తరబడి అలా చేసి ఉంటాడు. అంటే ఆ అద్దంలో ఉన్నది ఉత్త మొహం కాదు. ప్రతి వేటు, ప్రతి కాచుకోవడం, చెయ్యి ఎప్పుడు ఎటు తిరుగుతుందో, అడుగు ఎక్కడ పడుతుందో అన్నీ అందులో చేరాయి. మా భాషలో చెప్పాలంటే అది శిక్షణ పూర్తైన మోడల్. స్కాపినెల్లి గదంతా వెతికింది ఎందుకు? మంచం ఎత్తుకెళ్తే పాత సామాన్లవాడు కూడా పావలా ఇవ్వడు. ఆ గదిలో విలువైనది ఒక్కటే ఉంది, దాని విలువ ఆ గది సొంతదారుకి తెలీదు.

సరే, మాట ఇచ్చాక కూడా ప్రతిబింబం ఎందుకు చంపింది? "బాల్డుయిన్ లోలోపల చంపాలనే అనుకున్నాడు, వాడు ఆ కోరిక తీర్చాడు." మనస్తత్వ వ్యాఖ్యానం ఇచ్చే జవాబు ఇది. సొగసైన జవాబే. కానీ సినిమాలో తేదీలు చూడండి. ప్రతిబింబం అమ్ముడైంది ముందు. మాట ఇచ్చింది తర్వాత. ఒక ప్రాజెక్ట్‌ని ఎవరో కాపీ చేసి పట్టుకుపోయారనుకోండి. ఆ తర్వాత మీరు అసలు దాంట్లో ఎన్ని మార్పులు చేసినా కాపీకి చేరవు. బాల్డుయిన్ మారాడు, ప్రేమించాడు, ఒక ముసలి తండ్రి కన్నీళ్ళు చూసి మెత్తబడ్డాడు. ఇవేవీ తెలియకుండానే బొమ్మ వెళ్ళిపోయింది. దానికి తెలిసినది అద్దం ముందు నేర్పిన విద్య మాత్రమే: ఎదురుగా కత్తితో ఎవడైనా నిలబడితే ఓడించడం. అది నేర్పినట్టే చేసింది.

అప్పుడు దాన్ని విలన్ అనడం ఎంతవరకూ న్యాయం? దానికి సినిమాలో ఒక కోరిక కూడా లేదు. మార్గిట్ కావాలని అడగదు, డబ్బు అడగదు. అద్దంలోంచి దిగిన క్షణం నుంచి దాని మొహంలో ఉన్నదల్లా ఒక రకమైన తెల్లబోయిన చూపు. వేగెనర్ ఆ చూపుని అద్భుతంగా పట్టాడు. నాకైతే అది బెదిరింపులా కనిపించలేదు. తెలియని ఊళ్ళో బస్సు దిగినవాడి చూపులా కనిపించింది.

ఇక్కడో పక్కమాట. ఇద్దరు వేగెనర్లు ఒకే ఫ్రేమ్‌లో ఎలా వచ్చారంటే, ఛాయాగ్రాహకుడు గిడో జేబర్ లెన్సులో సగం మూసి ఒకసారి తీసి, రీలు వెనక్కి తిప్పి, రెండో సగం మూసి మళ్ళీ తీశాడు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొత్తం పాడైపోతుంది. మన 'రాముడు భీముడు' (1964) లాంటి ద్విపాత్రాభినయాల వెనకున్న మాస్కింగ్ కిటుకు కూడా ఈ కుటుంబానిదే. ఈ పద్ధతిలో నటుడు రెండోసారి నటించేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు, ఖాళీని చూస్తూ నటించాలి. ఆ ప్రతిబింబం చూపులో కనిపించే ఖాళీ కొంత అక్కడి నుంచి కూడా వచ్చిందేమో అని నా అనుమానం.

మళ్ళీ విషయానికొస్తాను. నూట పదేళ్ళు దాటిన జర్మన్ సినిమా మీద ఒక తెలుగు ఇంజనీరు ఇంత ఆవేశపడటం ఎందుకని అడగొచ్చు. చెప్తాను.

2020 చివర్లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఫోన్లో అప్పులిచ్చే యాప్‌లు. కొన్ని వేల రూపాయలు, చాలావాటికి వారం గడువు. లాక్‌డౌన్‌లో జీతాలు పోయినవాళ్ళు, చదువుకుంటున్న పిల్లలు. యాప్ ఇన్‌స్టాల్ చేస్తే మూడు నాలుగు అనుమతులు అడుగుతుంది. కాంటాక్టులు, ఫొటోలు, కెమెరా. ఫోన్లో ఏముంది గనక పోవడానికి? నాలుగు సెల్ఫీలు, ఇంట్లోవాళ్ళ నంబర్లు. నవ్వొస్తుంది. 'అలో' నొక్కుతారు. గడువు దాటిన మరునాడు ఆ సెల్ఫీ ఫోన్లోంచి బయటికొస్తుంది. మొహం అదే, కింద ఇంకో ఒళ్ళు. లేదా మొహం మీద 'దొంగ' అని రాసి. అది అత్తగారి వాట్సాప్‌కి వెళ్తుంది, ఆఫీసులో మేనేజర్‌కి వెళ్తుంది, పదో తరగతి టీచర్‌కి వెళ్తుంది. మనిషి ఎక్కడ తలెత్తుకోవాలనుకుంటే అక్కడికి ముందే వెళ్ళి నిలబడి ఉంటుంది. ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. డిసెంబర్‌లో ఇక్కడి పోలీసులు వరసగా కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి. అదే నెల 23న రిజర్వ్ బ్యాంక్ జనాన్ని హెచ్చరిస్తూ ప్రకటన ఇచ్చింది.

ఇప్పుడు చెప్పండి. ఆ మార్ఫింగ్ బొమ్మ ఆ అమ్మాయి లోపలి చీకటా? ఆమె స్వీయమోహమా? ఆమె అణచుకున్న కోరికా? అలా అనడానికి మనలో ఎవరికీ నోరు రాదు, రాకూడదు. కానీ సరిగ్గా ఇదే కథ 1820 నాటి బట్టలేసుకుని వస్తే మాత్రం ఠక్కున అనేస్తాం. గదిలో ఉన్నదేదైనా తీసుకోవచ్చు అన్న ఒప్పందానికీ, ఫోన్లో ఉన్నదేదైనా చూడొచ్చు అన్న అనుమతికీ తేడా నాకు కనిపించదు. రెండిట్లోనూ అప్పిచ్చేవాడికి ఏం కావాలో ముందే తెలుసు, తీసుకునేవాడికి తన దగ్గర ఏం ఉందో తెలీదు.

ఆ అనుమతి అడిగే చిన్న పెట్టెలు తయారుచేసేది నాలాంటి ఉద్యోగులే. ఏ రంగు బటన్ పెడితే ఎక్కువమంది నొక్కుతారో, ఏ వాక్యం పెడితే తక్కువమంది చదువుతారో కొలిచి చూసుకుని మరీ పెడతారు. ఇది మా పరిశ్రమలో రహస్యం కాదు, ప్రమోషన్ రివ్యూలో రాసుకునే ఘనకార్యం. అందుకే "సంతకం పెట్టింది వాడేగా" అనే మాట నా దగ్గర చెల్లదు.

అవును, ఆ మాట తప్పకుండా వస్తుంది. బాల్డుయిన్ ఆశపోతు, తాహతుకి మించిన పిల్లని కోరుకున్నాడు, కష్టపడి సంపాదించకుండా షార్ట్‌కట్ చూసుకున్నాడు, అనుభవించాడు. మన ఇళ్ళల్లో అప్పుల గురించి మాట్లాడుకునే తీరు కూడా ఇదేగా. అప్పిచ్చినవాడి వడ్డీ లెక్క గురించి గొంతు తగ్గించి మాట్లాడతాం, అప్పు తీసుకున్నవాడి గుణగణాల గురించి గొంతు పెంచి మాట్లాడతాం. బాల్డుయిన్‌కి ఆశ లేదని నేనెప్పుడూ అనను. ఆశ ఉంది, పొగరు ఉంది, లిడుష్కా తన కోసం పడిచస్తుంటే కన్నెత్తి చూడని కఠినత్వం కూడా ఉంది. ఇవన్నీ మనిషికి ఉండే లోపాలు. ఈ లోపాలకి శిక్ష తన మొహం తనని వేటాడి చంపడమా? ఈ లెక్కన సగం హైదరాబాద్ బతకదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటుంది, దాన్ని తప్పించుకోకూడదు. "అసలు విలన్ అప్పిచ్చినవాడు" అనగానే మనం ఒక ప్రమాదకరమైన వీధిలో అడుగుపెడుతున్నాం. స్కాపినెల్లిని తీర్చిన తీరులో, ఆ వంగిన నడుమూ ఆ పొడుగు టోపీ ఆ గారడీలో, యూరప్‌లో శతాబ్దాలుగా చలామణీలో ఉన్న యూదు వడ్డీవ్యాపారి మూస కనిపిస్తోందని విమర్శకులు ఎత్తి చూపారు. వాళ్ళు అన్నది కొట్టిపారేయదగ్గది కాదు. కథ రాసిన ఏవర్స్ తర్వాతి కాలంలో నాజీ పార్టీలో చేరాడు. హోర్స్ట్ వెసెల్ అనే నాజీ కార్యకర్తని వీరుణ్ణి చేస్తూ 1932లో పుస్తకం కూడా రాశాడు. స్కాపినెల్లి వేషం వేసిన జాన్ గొటోవ్ట్ యూదుడు. 1942లో నాజీలు ఆయన్ని చంపేశారు. ఈ రెండు జీవితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సినిమాలో ప్రతి ఫ్రేమూ ఇంకోలా కనిపిస్తుంది.

అందుకే నేను ముసలాయన మొహం మీద కాకుండా కాగితం మీద వేలు పెడుతున్నాను. ఒప్పందంలో అన్యాయాన్ని ఒక జాతి మొహానికి అంటించడం ఆ సినిమా చేసిన తప్పు. దాన్ని బాకీదారు మనసుకి అంటించడం వ్యాఖ్యాతలు చేసిన తప్పు. రెండుసార్లూ తప్పించుకున్నది ఆ ఒక్క వాక్యమే: గదిలో ఉన్నదేదైనా. ఆ వాక్యాన్ని మార్చొచ్చు. మార్చారు కూడా. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ అప్పుల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, యాప్‌లు ఫోన్లోని ఫైళ్ళనీ, ఫొటోలనీ, కాంటాక్టులనీ, కాల్ లాగ్‌లనీ ముట్టుకోకూడదని రాసింది. కెమెరా లాంటివైతే ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారికి, అదీ స్పష్టమైన అనుమతితోనే. అది ఎంతవరకు అమలవుతోంది అన్నది వేరే గొడవ. కానీ చూడండి, బాల్డుయిన్ మనసుని బాగుచేయమని అందులో ఎక్కడా లేదు. గదిలో ఏం తీసుకోవచ్చో, ఏం తీసుకోకూడదో రాశారు.

"నువ్వు చెప్పేది న్యాయశాస్త్రం, సాహిత్యం కాదు" అంటారేమో. సాహిత్యంలోంచే చెప్తాను, అదీ మన పురాణంలోంచి.

మార్కండేయ పురాణంలో సంజ్ఞ కథ ఉంది. మారన తెలుగు చేసిన ఆ పురాణంలోంచే పెద్దనకి మనుచరిత్ర కథ దొరికింది. సంజ్ఞ సూర్యుడి భార్య. మొగుడి వేడి భరించలేకపోయింది. తన నీడకి ప్రాణం పోసి, తన బదులు ఇంట్లో ఉండమని, పిల్లల్ని చూసుకోమని, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఒప్పించి వెళ్ళిపోయింది. నీడ కూడా తెలివిగలదే. జుట్టు పట్టి ఈడ్చేదాకా, శపించేదాకా వస్తే మాత్రం చెప్పేస్తానని ముందే ఒక షరతు పెట్టుకుంది. (బాల్డుయిన్ కంటే నయం.) ఆ తర్వాత ఛాయకి తన పిల్లలు పుట్టారు. సంజ్ఞ పిల్లల్ని తక్కువగా చూడటం మొదలుపెట్టింది. యముడు కోపంతో కాలెత్తాడు. ఆ కాలు ఊడిపోవాలని ఆమె శపించింది. కన్నతల్లి ఇలా శపిస్తుందా అన్న అనుమానంతో గుట్టు బయటపడింది.

బతికొచ్చిన ప్రతిబింబం, ఇంట్లో సవతి పోరు, శాపం. విలన్ని చేయడానికి ఇంతకంటే ఏం కావాలి? ఐనా పురాణం ఛాయని సంజ్ఞ లోపలి చీకటి అనలేదు. సంజ్ఞని కూర్చోబెట్టి నీలోకి నువ్వు చూసుకో అని హితబోధ చేయలేదు. పంచాయితీ ఎక్కడికెళ్ళిందో చూడండి: సంజ్ఞ తండ్రి విశ్వకర్మ దగ్గరికి. ఆయన అల్లుణ్ణి తరిమెన పట్టాడు. సూర్యుడి తేజస్సు చెక్కి తగ్గించాడు. ఇల్లు వదిలి పారిపోయేలా చేసిన వేడి ఎక్కడుందో అక్కడ ఉలి పెట్టాడు. ఆ చెక్కుడులో రాలిన తేజస్సుతో దేవతల ఆయుధాలు చేశాడట, అది వేరే సంగతి. వేల ఏళ్ళ కిందటి కథకి తెలిసింది, రాంక్ గారి తర్వాత పుట్టిన మనం మర్చిపోయాం. ఇక ఛాయ ఏమైందో, ఆ ఇంట్లో తర్వాత ఎలా బతికిందో మామూలుగా కథ చెప్పేవాళ్ళెవరూ చెప్పరు. పని అయిపోయాక ప్రతిబింబాల్ని ఎవరూ పట్టించుకోరన్నమాట.

పట్టించుకున్నవాడు ఒకడున్నాడు, బోర్హెస్. ఊహాజీవుల మీద రాసిన పుస్తకంలో అద్దాల్లోని జీవుల గురించి ఒకటి రెండు పేజీలు రాశాడు. చైనా పురాణంగా చెప్తాడు. ఒకప్పుడు అద్దాల లోకానికీ మన లోకానికీ రాకపోకలు ఉండేవి. ఒక రాత్రి అద్దాలవాళ్ళు దండెత్తారు, పీత చక్రవర్తి వాళ్ళని ఓడించి అద్దాల్లో బంధించాడు. అప్పటి నుంచి మనం ఏం చేస్తే అది చేయడమే వాళ్ళ శిక్ష. ఏదో ఒక రోజు ఆ మంత్రం సడలుతుంది. ముందుగా అద్దం లోతుల్లో ఒక చేప మేలుకుంటుంది. తర్వాత ఒక్కొక్కరే మనల్ని అనుకరించడం మానేస్తారు. ఈ కథలో ప్రతిబింబం ఎవరి అంతరాత్మా కాదు. ఓడిపోయిన జాతి. మన మొహం వాళ్ళకి వేసిన సంకెల. ఇది చదివాక పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు నాకు భయం వేయలేదు, మొహమాటం వేసింది. రోజూ ఇంత తెల్లారకుండా లేచి నాతో పాటు గడ్డం గీసుకోవాల్సి రావడం ఎవరికి మాత్రం ఇష్టం ఉంటుంది.

ప్రతిబింబాన్ని లోపలి దెయ్యం అని కొట్టేస్తే ఇలాంటి కథ పుట్టదు. అది అవతలి మనిషి అని ఒప్పుకుంటేనే దానికి ఏం జరిగిందో అడగాలనిపిస్తుంది. 'ప్రాగ్ విద్యార్థి'లో నేను చూడాలనుకునే సినిమా ఇంకోటుంది, ఎవరూ తీయలేదు. 1926లో హెన్రిక్ గాలెన్ మళ్ళీ తీశాడు, కొన్రాడ్ ఫైట్ నటన మతిపోగొడుతుంది. 1935లో మాటలొచ్చాక ఇంకోసారి తీశారు. మూడిట్లోనూ ప్రతిబింబం బాల్డుయిన్ దగ్గరికి వచ్చినప్పుడే మనకి కనిపిస్తుంది. మిగతా సమయం ఎక్కడుంటుంది? ముసలాయన వెనక తలుపు దాటిన రాత్రి ఎక్కడ పడుకుంది? తిండి పెట్టారా? వాణ్ణి వెంటాడు, అక్కడ నిలబడు అని ఎవరైనా చెప్పారా, లేక తెలిసిన మొహం ఆ ఊళ్ళో అదొక్కటే కాబట్టి దాని వెంట తిరిగిందా?

1926 సినిమా చివర చావబోతున్న బాల్డుయిన్‌కి అద్దం ముక్కలో తన మొహం మళ్ళీ కనిపిస్తుంది. బొమ్మ తిరిగొచ్చింది, ఆత్మ శాంతించింది అన్నట్టు. మొదటి సినిమా ఇంత దయగా ముగియదు, అందుకే నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. బాల్డుయిన్ నేల మీద పడి ఉంటాడు. స్కాపినెల్లి గదిలోకి వస్తాడు, ఒప్పందం బయటికి తీస్తాడు, ముక్కలు ముక్కలుగా చింపి శవం మీద చల్లి వెళ్ళిపోతాడు. అకౌంట్ క్లోజ్ అయిందని మెసేజ్ వచ్చినట్టు.

తర్వాతి దృశ్యం సమాధి. దాని మీద ప్రతిబింబం కూర్చుని ఉంటుంది. కాగితం చిరిగిపోయింది, సంతకం పెట్టినవాడు పోయాడు, కాపీ మాత్రం అలాగే ఉంది, ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు.